ఇంజన్ మంచిగుందా అన్నా?

మార్చి రెండో వారంలో విజయవాడ నుంచి హైదరాబాదు వస్తున్నాను. చౌటుప్పల్ ఇంకో పది కిలోమీటర్లుందనగా కారు టెంపరేచర్ ముల్లు లేచింది. ఇన్నేళ్ళుగా ఆ ముల్లు సగానికి కొంచెం కింద కదలకుండా కూర్చునేది. అలాంటి ముల్లు ఒకటుందన్న సంగతే మర్చిపోయాను. అది ఎర్ర గీత వైపు పోతుంటే ఏసీ ఆపి, బండి పక్కకి తీసి, బానెట్ ఎత్తాను. లోపల కుక్కర్ విజిల్‌కి ముందొచ్చే చప్పుడు.

పక్కనే పంక్చర్ షాపు. అక్కడి పెద్దాయన వచ్చి నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. "మూత ముట్టకు బిడ్డా, మొకం కాలుతది." ఒత్తిడిలో ఉన్న నీళ్ళు వంద డిగ్రీలు దాటినా మరగవు. మూత తీసిన క్షణంలో ఆ ఒత్తిడి పోయి, ఒక్కసారిగా ఆవిరై మీద పడతాయి. ఇది పదో తరగతి ఫిజిక్స్. నేను పదో తరగతి మంచి మార్కులతోనే పాసయ్యాను. అయినా నా చెయ్యి మూత మీదకే పోయింది.

ముప్పావు గంట ఆగాక ఆయన తడిగుడ్డ వేసి మూత తిప్పాడు. రెండు బాటిళ్ళ నీళ్ళు, ఒక చెంచాడు పసుపు పోశాడు. సన్న కారుడుంటే పసుపు పట్టేస్తదట. "హీటర్ ఫుల్లు పెట్టుకో. అరవై దాటకు" అన్నాడు. హీటర్ ఇంజన్‌లో వేడిని లాగి లోపల కూర్చున్నవాళ్ళ మీదకి తోస్తుంది. అద్దాలు దించి, ఎండలో హీటర్ వేసుకుని, చెమటతో ఇల్లు చేరాను. ఆయన డబ్బులు తీసుకోలేదు. పసుపుకి పైసలేంది అన్నాడు.

ఆ తర్వాత ఐదారు వారాల పాటు నా జీవితం ఆ ముల్లు చుట్టూ తిరిగింది.

మొదట సర్వీస్ సెంటర్‌కి. కంపెనీ పేరూ సెంటర్ పేరూ ఇక్కడ అనవసరం. కారున్నవాళ్ళు ఎవరికి వాళ్ళు తమ సెంటర్ పేరు వేసుకుని చదువుకోవచ్చు. చేతిలో ట్యాబ్లెట్టు, మెడలో టై ఉన్న అబ్బాయి వచ్చి కారు చుట్టూ తిరిగి ఫోటోలు తీశాడు. థర్మోస్టాట్ పోయిందన్నాడు. ఇంజన్ ఒక స్థాయికి వేడెక్కాక తెరుచుకుని, నీళ్ళని రేడియేటర్‌లోకి పంపే చిన్న తలుపు అది. మార్చారు. రెండు వేల ఎనిమిది వందలు. నాలుగు రోజుల తర్వాత ఎల్.బి.నగర్ సిగ్నల్ దగ్గర ముల్లు మళ్ళీ లేచింది. ఈసారి వాటర్ పంపు అన్నారు. కూలెంట్‌తో కలిపి ఏడు వేల తొమ్మిది వందలు. ఇంకో వారానికి రేడియేటర్ అన్నారు. తొమ్మిది వేల ఆరు వందలు. మొత్తం ఇరవై వేల మూడు వందలు. మారుస్తున్న ప్రతిసారీ "సార్, ఇది కూడా వీక్‌గా ఉంది, మార్చేస్తే బెటర్" అనేవాడు. తీసేసిన పాత సామాను ప్లాస్టిక్ కవర్లో పెట్టి చేతికిచ్చేవాడు. తీసుకుని చూసేవాణ్ణి. అవి నా కారువేనో కాదో, నిజంగా పాడయ్యాయో లేదో నాకేం తెలుసు? ఒక తుప్పు ముక్కని చేతిలో పట్టుకుని తెలిసినట్టు తలూపడం ఎంత అవమానమో, అలా ఊపినవాళ్ళకి తెలుస్తుంది.

డబ్బు బాధ సరే. ఆటోల్లో ఆఫీసుకి పోవడం, "సార్ ఈవినింగ్‌కి అయిపోతుంది" అనే మాట నమ్మి మూడు సాయంత్రాలు పోగొట్టుకోవడం, ఇవన్నీ ఉన్నవే. వాటన్నిటికంటే ఎక్కువగా కొరికింది ఇంకొకటి. ఆ అబ్బాయి అబద్ధం చెప్పాడని నేను రుజువు చెయ్యలేను. చెప్పలేదని నమ్మనూ లేను. పాత థర్మోస్టాట్ నిజంగానే పాడైవుండొచ్చు. పదమూడేళ్ళ బండికి పంపూ రేడియేటరూ వీక్‌గానే ఉంటాయి. చెప్పినవన్నీ నిజాలే అయ్యి, చెప్పనిదొకటి మిగిలిపోయి ఉండొచ్చు. అప్పట్లో నేను స్నేహితుల దగ్గర కూర్చుంటే ఈ గొడవే. "నిజం చెప్పడానికి వీళ్ళకేం పోతుందిరా?" అని ఒకటే సణుగుడు.

ఆ ప్రశ్న ఇంకో రెండు వారాల్లో తిరిగి నా దగ్గరికే వస్తుందని అప్పటికి తెలియదు.

ఆఫీసులో ఒకతను మలక్‌పేట గల్లీలో ఒక మెకానిక్ దగ్గరికి పొమ్మన్నాడు. రేకుల షెడ్డు, రెండు బళ్ళు పట్టే చోటు, గోడ మీద స్పానర్లు సైజు వారీగా. అందరూ ఆయన్ని ఉస్తాద్ అంటారు. ఆయన స్కానర్ పెట్టలేదు. ఆయిల్ పోసే మూత తిప్పి, లోపలి వైపు నాకు చూపించాడు. ఇరానీ చాయ్ రంగులో మీగడలాంటిది అంటుకుని ఉంది. "ఆయిల్‌లో నీళ్ళు కలుస్తున్నయి సార్." తర్వాత చల్లబడ్డ రేడియేటర్ మూత తీసి, కుర్రాణ్ణి రేజ్ ఇవ్వమన్నాడు. నీళ్ళలో బుడగలు. "హెడ్ గ్యాస్కెట్." ఇంజన్ బ్లాకుకీ పైనున్న హెడ్డుకీ మధ్య ఉండే పల్చటి రేకు అది. అది ఒకచోట కాలిపోతే లోపలి మంట నీళ్ళలోకి, నీళ్ళు ఆయిల్లోకి దారి చేసుకుంటాయి. బయటి నుంచి ఎన్ని కొత్త పంపులు బిగించినా దండగే.

"ఎంతవుతుంది భాయ్?"

"ఇప్పితే గానీ చెప్పలేను. గ్యాస్కెట్ ఒక్కటే అయితే పద్దెనిమిది వేలు. హెడ్ బెండయితే లేతులో ఫేసింగ్ కొట్టించాలి. క్రాకుంటే..." చెయ్యి గాల్లో తిప్పాడు.

ఆ నెలంతా నేను విన్న మాటల్లో నాకు బాగా నచ్చింది ఇదే. ఇప్పితే గానీ చెప్పలేను. తనకెంతవరకు తెలుసో, ఎక్కణ్ణుంచి తెలియదో గీత గీసి చూపించాడు. ఆయన చూసినందుకు రెండు వందలు తీసుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, ఒక పెద్దమనిషి ఇంకో పెద్దమనిషికి చెప్పే సలహాలా ఇంకో మాట చెప్పాడు.

"పాత బండి మీద అంత పెట్టుడెందుకు సార్? స్టాప్ లీక్ పోస్తా, ఆయిల్ మారుస్తా. రెండు నెలలు ఢోకా లేదు. అమ్మేసెయ్యండి. అందరూ అదే చేస్తరు."

నిజం చెప్పేవాడు దొరికాడని సంబరపడేలోపే ఆయన నన్ను అబద్ధంలో భాగస్వామిని చేశాడు. ఇది నాకు చాలా రోజులు అర్థం కాలేదు. ఆయన నిజాయితీపరుడా కాడా? నాకు మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజాయితీపరుడే. నా ఎదురుగా నిలబడ్డవాణ్ణి నేను, కాబట్టి నా మేలు కోరాడు. నా తర్వాత ఆ బండి ఎక్కబోయేవాడికి అప్పటికి పేరూ మొహమూ లేవు. మనలో చాలామంది నీతి ఇలాగే ఉంటుందేమో. టార్చి లైటులా ఎదురుగా ఉన్నవాడి మీద పడుతుంది, వాడి వెనకాల చీకటి.

పోయించాను. పంతొమ్మిది వందలయింది.

ఇక్కడ నాన్న నోటుబుక్కు గురించి చెప్పాలి. కారు నాన్నది. 2012లో రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో కొన్నాడు. గ్లవ్ బాక్సులో రెండు వందల పేజీల రూళ్ళ నోటుబుక్కు ఒకటి పెట్టాడు. పెట్రోలు పోయించిన ప్రతిసారీ తేదీ, లీటర్లు, మీటర్ రీడింగు. మార్చిన ప్రతి బల్బు. ఒకచోట "వెనక ఎడమ తలుపు గీత. నా తప్పే" అని ఉంటుంది. కళ్ళు సరిగా ఆనడం లేదని నాలుగేళ్ళ కిందట తాళాలు నాకిచ్చినప్పుడు నోటుబుక్కు కూడా ఇచ్చాడు. నేనూ రాస్తూ వచ్చాను. ఉస్తాద్ చూసిన సాయంత్రం కూడా రాశాను: "హెడ్ గ్యాస్కెట్. ఆయిల్ టీ రంగు. బుడగలు." స్టాప్ లీక్ పోయించిన రోజు మాత్రం ఏమీ రాయలేదు.

ప్రకటన పెట్టిన నాలుగో రోజు నకిరేకల్ వైపు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. ఇరవై ఏడో ఎనిమిదో ఉంటాయి. మెడికల్ షాపులో పనిచేస్తాడట. భార్య, ఏడాది పాప, "బండ్ల గురించి తెలిసిన" స్నేహితుడు కూడా వచ్చారు. స్నేహితుడు టైర్లు తన్నాడు. తలుపులు తీసి వేశాడు. ఎక్కడైనా రంగు తేడా ఉందేమోనని వంగి చూశాడు. ఇన్సూరెన్స్ కాగితం తేదీ చూశాడు. గల్లీ చివరిదాకా నడిపి వచ్చాడు. ఆయిల్ మూత ఎవరూ తిప్పలేదు. కుర్రాడి భార్య వెనక సీట్లో పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, అద్దం ఎక్కించి దించి చూసుకుంటోంది.

అప్పుడు అడిగాడు. "ఇంజన్ మంచిగుందా అన్నా?"

"మొన్ననే వాటర్ పంపు, థర్మోస్టాట్, రేడియేటర్ మూడూ కొత్తవి వేయించాను. బిల్లులున్నాయి" అన్నాను. బిల్లులు చూపించాను కూడా. స్నేహితుడు బిల్లులు చదివి కళ్ళెగరేశాడు. లక్షా అరవైకి బేరం కుదిరింది. ఐదు వేలు అడ్వాన్సు ఇచ్చి, నెల మొదట్లో మిగతాది తెచ్చి బండి తీసుకుపోతానన్నాడు.

నేను చెప్పినదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. కురుక్షేత్రంలో ధర్మరాజు చెప్పినదాంట్లోనూ లేదు. చచ్చిపోయింది అశ్వత్థామే, కాకపోతే ఏనుగు. అన్ని బిల్లులున్న మాట అది. అంతవరకూ నేలకి నాలుగు అంగుళాల పైన నడుస్తూ వచ్చిన అతని రథం ఆ మాటతో నేలకి దిగిందంటారు. మా ఇంట్లో ఈ కథ చెప్పినప్పుడల్లా, చిన్నప్పుడు నాకు శిక్ష చాలా చిన్నదిగా అనిపించేది. మిగతా రథాలన్నీ నేల మీదే కదా నడిచేది, అతనిదీ నడిస్తే ఏం పోయింది? ఇప్పుడనిపిస్తుంది, శిక్ష అంటే అదేనని. నువ్వూ అందరిలాంటివాడివే అని తెలియడం. "అందరూ అదే చేస్తరు."

ఆ రాత్రి మా రూమ్మేట్‌ని అడిగాను. లాయరు. నాకు కావలసింది సలహా కాదు, ధైర్యం. అతను నవ్వి, భారత కాంట్రాక్టు చట్టం తెరిచి పదిహేడో సెక్షన్ చూపించాడు. 1872 నాటి చట్టం. ఒక సంగతి అవతలివాడి నిర్ణయాన్ని మార్చేదే అయినా, దాన్ని చెప్పకుండా ఊరుకోవడం దానంతటది మోసం కాదట. మాట్లాడాల్సిన బాధ్యత ఉన్నప్పుడు, లేదా ఊరుకోవడమే మాట్లాడినట్టు అయినప్పుడు తప్ప. కింద ఉదాహరణలిచ్చారు. అప్పటికి కార్లు లేవు కాబట్టి గుర్రం. ఒకడు తన గుర్రానికి జబ్బని తెలిసీ, ఏమీ చెప్పకుండా వేలంలో అమ్మాడు. మోసం కాదు. నాకు ఒంట్లో ప్రాణం వచ్చింది. చదవడం అక్కడితో ఆపితే బాగుండేది.

రెండో ఉదాహరణ: అదే గుర్రం, అదే అమ్మకం, కానీ కొనేది అతని కూతురు, అప్పుడే మైనారిటీ తీరిన పిల్ల. అప్పుడు చెప్పి తీరాలి. మూడోది: కొనేవాడు, "నువ్వు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటాను" అన్నాడు. అమ్మేవాడు ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం మాట్లాడడంతో సమానం.

ఎవరు రాశారో గానీ, ఆ మూడు చిన్న ఉదాహరణల్లో నీతి శాస్త్రమంతా ఉందనిపించింది. గుర్రం మారలేదు. జబ్బు మారలేదు. మారిందల్లా ఎదురుగా నిలబడ్డ మనిషి మనకేమవుతాడన్నదే. పరాయివాడైతే వాడి కళ్ళు వాడే తెరుచుకోవాలి. సంతలో ఎద్దుని కొనేవాడే పళ్ళు చూసుకోవాలి, సుడులు చూసుకోవాలి. కూతురైతే మనమే నోరు తెరవాలి.

మరి "అన్నా" అన్నవాడు?

తెలుగులో ఇదొక చిక్కు. మనకి పరాయివాణ్ణి పిలవడానికి పరాయి మాటే లేదు. కూరగాయలమ్మే ఆమె అమ్మ, ఆటో ఆయన అన్న, ఎదురింటావిడ ఆంటీ. పంక్చర్ షాపు పెద్దాయన నన్ను బిడ్డా అన్నాడు, అనడమే కాకుండా చెయ్యి పట్టి లాగాడు. ఇవన్నీ అలవాటు మాటలేననీ, ఎవరూ వాటిని నిజంగా తీసుకోరనీ మనకు తెలుసు. బస్సులో "తమ్ముడూ కొంచెం జరుగు" అన్నవాడికి ఆస్తిలో వాటా ఇవ్వం. కానీ ఆ మాటల్లో ఏమీ లేకపోతే, వాటిని ఎందుకు వాడతాం? ఎందుకంటే ఎక్కడో, ఏ ఒక్కసారో, అవి పనిచేస్తాయని ఆశ. "ఇంజన్ మంచిగుందా" అన్నది కొనేవాడి ప్రశ్న. చివర్లో "అన్నా" అన్నది, తనకి ఇంజన్లు తెలియవని ఒప్పుకోవడం. సర్వీస్ సెంటర్‌లో తుప్పు ముక్క పట్టుకుని తలూపిన నేనూ అదే కదా చేసింది.

రూమ్మేట్ దీనికి పాత వాదన ఒకటి ఉందన్నాడు. రోమన్ రచయిత సిసెరో క్రీస్తుపూర్వం 44లో కొడుకుని ఉద్దేశించి రాసిన పుస్తకంలో ఒక వ్యాపారి వస్తాడు. రోడ్స్ దీవిలో కరువు. ఇతను అలెగ్జాండ్రియా నుంచి ఓడ నిండా ధాన్యం తెచ్చాడు. వెనకాల ఇంకా చాలా ఓడలు వస్తున్నాయని ఇతనికి తెలుసు. ఆ సంగతి చెప్తే ధర పడిపోతుంది. చెప్పాలా? గురువు డయోజెనిస్, తెలిసినదంతా చెప్పాల్సిన పని లేదు, చెప్పకపోవడం వేరు, దాచడం వేరు అంటాడు. శిష్యుడు యాంటిపేటర్, మనుషులంతా ఒక సంఘంలోవాళ్ళు, చెప్పి తీరాలంటాడు. సిసెరో శిష్యుడి వైపు మొగ్గుతాడు. తెలిసిన ప్రతిదీ చెప్పకపోవడం దాచడం కాకపోవచ్చు గానీ, తెలుసుకోవలసినవాడికి తెలియకూడదని నీ లాభం కోసం కోరుకోవడం దాచడమే అంటాడు.

నాకు గురువు మాటే సుఖంగా ఉంది. నేను దాచలేదు, చెప్పలేదు అంతే, అనుకోబోయాను. లేచి మంచినీళ్ళు తాగుతుంటే అల్మారాలో నాన్న నోటుబుక్కు కనపడింది. వాళ్ళు బండి చూడ్డానికి వచ్చే ముందు గ్లవ్ బాక్సులోంచి తీసి అక్కడ పెట్టాను. ఎందుకు తీశానో ఆ ఉదయం నాకు నేను చెప్పుకోలేదు. చెయ్యి దాని పని అది చేసింది, రేడియేటర్ మూత మీదకి పోయినట్టే.

అయినా ఆ రాత్రే ఫోన్ చేశాననుకోకండి. చెయ్యలేదు. ఐదు రోజులు ఆగాను. నా దగ్గర కారణాలు చాలా ఉన్నాయి. సర్వీస్ సెంటర్ నాకు చెప్పిందా? పాత బండి కొనేవాడు రిస్కు తెలిసే కొంటాడు. ఇప్పటికే ఇరవై రెండు వేలు పోగొట్టుకున్నాను. పోతన వామన చరిత్రలో శుక్రాచార్యుడు బలి చక్రవర్తికి అబద్ధం ఆడదగ్గ చోట్లు లెక్కపెట్టి చెప్తాడు. ఆ జాబితాలో ధనం పోయే సందర్భం కూడా ఉంది. పద్యం కంఠతా వచ్చినవాళ్ళు కూడా చెప్పేది శుక్రుడు, వినకుండా దానం చేసినవాడు బలి అన్న సంగతి మర్చిపోతుంటారు. నేనూ ఆ ఐదు రోజులు మర్చిపోయాను.

ఆరో రోజు వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్. వెనకాల పాప ఏడుపు, ఎవరో ఊరుకోబెడుతున్నారు. "అన్నా, ఒకటో తారీకు పైసలు తీస్కొనొస్త. గా తర్వాత వారమే తిరుపతి పోదామనుకుంటున్నం. పాపకు పుట్టెంట్రుకలు తీయించాలె. మా అమ్మానాయిన గూడ వస్తరు. ఎండలు గదా, దారిపొడుగునా ఏసీ ఏసుకొని పోవచ్చా అన్నా? ఇబ్బందుంటే చెప్పు, బస్సుల పోతం."

ఐదుగురు మనుషులు, మే నెల, నాలుగు వందల కిలోమీటర్లు పైనే, ఏసీ. చట్టంలోని మూడో ఉదాహరణ అడ్రసు వెతుక్కుంటూ నా ఫోన్‌లోకి వచ్చింది. "పోవచ్చు" అంటే అబద్ధం. ఊరుకుంటే అదే పోవచ్చు అన్నట్టు. మధ్యలో నిలబడ్డానికి ఇక చోటు లేదు.

ఫోన్ చేసి చెప్పాను. గ్యాస్కెట్, ఆయిల్ రంగు, స్టాప్ లీక్, అన్నీ. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత కోపం లేకుండానే అడిగాడు. "మరి ఆ దినం అడిగితే ఎందుకు చెప్పలేదన్నా?"

ఈ ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. తప్పయింది అన్నాను. రిపేరు చేయించి అదే ధరకి ఇస్తానన్నాను, లేదా నలభై వేలు తగ్గిస్తానన్నాను. అతను స్నేహితుడితో మాట్లాడి చెప్తానన్నాడు. సాయంత్రానికి మెసేజ్: "వద్దన్నా. అడ్వాన్సు వాపస్ పంపు." స్నేహితుడు ఏమని ఉంటాడో ఊహించగలను. ఇది చెప్పాడంటే చెప్పనివి ఇంకెన్ని ఉన్నాయో.

ఆ స్నేహితుడి లెక్క తప్పు కాదు. జార్జ్ ఏకర్లాఫ్ అనే ఆర్థిక శాస్త్రవేత్త 1970లో పాత కార్ల అమ్మకాన్ని ఉదాహరణగా తీసుకుని ఒక వ్యాసం అచ్చు వేశాడు. అంతకు ముందు మూడు పత్రికలు దాన్ని తిప్పి పంపాయి. 2001లో ఆయనకి నోబెల్ తెచ్చిపెట్టింది ఆ వ్యాసమే. రచనలు తిరిగొచ్చే మిత్రులు ధైర్యం తెచ్చుకోవచ్చు. అందులో వాదన ఇది: బండి సంగతి అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. కాబట్టి కొనేవాడు మంచికీ చెడ్డకీ మధ్యస్థంగా ఒక ధర చెప్తాడు. ఆ ధర గిట్టక మంచి బళ్ళవాళ్ళు తప్పుకుంటారు. మిగిలేవి చెడ్డవి. అది తెలిసి కొనేవాడు ఇంకా తగ్గిస్తాడు. అలా పోయి పోయి మంచి బండికి కొనేవాడూ, మంచివాడికి అమ్మేవాడూ లేకుండా పోతారు. పాడు కారుని అమెరికా వాడుకలో నిమ్మకాయ అంటారు. మనం కొత్త బండికి దిష్టి తగలకుండా టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. వాళ్ళకి బండే నిమ్మకాయ.

నాకు అర్థమైన మేరకు ఆ వ్యాసంలో భయపెట్టేది ఇది: నా ఒక్కడి అబద్ధం ఒక్కరికే నష్టం కాదు. అందరూ అదే చేసే చోట, నిజం చెప్పినవాడి మాటకి కూడా విలువ ఉండదు. నేను చెప్పిన నిజాన్ని ఆ కుర్రాడు నమ్మలేకపోయాడంటే, దానికి ముందు నాలాంటివాళ్ళు ఎంతమంది బిల్లులు చూపించి ఉండాలి? అందులో నా బిల్లులు కూడా కలిపే చెప్తున్నాను. ఒకే మనిషి ముందు దాచి తర్వాత చెప్తే, రెండో మాటని మొదటి మాట మింగేస్తుంది.

బండి ఉస్తాద్ దగ్గరికే తీసుకెళ్ళాను. హెడ్ విప్పాడు. కొంచెం వంగింది, పగల్లేదు. ఫేసింగ్ కొట్టించాడు. కానీ పోయించిన స్టాప్ లీక్ కొత్త రేడియేటర్ గొట్టాల్లో గడ్డకట్టి కూర్చుంది. కడిగి శుభ్రం చెయ్యడానికి ఇంకో రోజు పట్టింది. మొత్తం ఇరవై నాలుగు వేల ఐదు వందలు. "మొదట్లోనే చేయించుంటే సస్తాలో పోయేది సార్" అన్నాడు, ఆ సలహా ఇచ్చింది తను కానట్టు. నేనూ గుర్తు చెయ్యలేదు. నోటుబుక్కులో రాశాను. రాయకుండా వదిలేసిన రోజు కూడా, తేదీ వేసి. నాన్న గీత గురించి రాసినట్టు రాద్దామనుకున్నాను గానీ, నా తప్పే అన్న రెండు మాటలు పెన్నులోంచి అంత తేలిగ్గా రాలేదు.

నిజం చెప్తే లాభమని చెప్పడానికి ఈ వ్యాసం పనికిరాదు. లెక్క చూస్తే నాకు నష్టమే. నేను చెప్పగలిగింది చాలా తక్కువ. అవతలివాడు తన తెలియనితనాన్ని మన చేతిలో పెట్టాక, అది మనది కూడా అవుతుంది. అప్పుడు ఊరుకోవడమంటూ ఉండదు, పట్టుకోవడమో జారవిడవడమో రెండే ఉంటాయి. మెకానిక్ దగ్గర, డాక్టరు దగ్గర, బ్యాంకు కౌంటర్ దగ్గర రోజూ మనం పెట్టేవైపు నిలబడతాం కాబట్టి అది బాగా తెలుసు. తీసుకునే వైపు నిలబడే అవకాశం ఎప్పుడో గానీ రాదు. వచ్చినప్పుడు గుర్తుపట్టడానికి నాకు ఆరు రోజులు పట్టింది. అది కూడా తిరుపతి మాట వచ్చింది కాబట్టి. ఆ మెసేజ్ రాకపోయుంటే చెప్పేవాణ్ణా అని ఎవరైనా అడిగితే, అవునని గట్టిగా అనలేను.

మే నెల చివర్లో ఆ కుర్రాడి నుంచి ఫోన్ వచ్చింది. బస్సులోనే పోయొచ్చారట. పాప గుండు ఫోటో పంపాడు. "అన్నా, ఉప్పల్ల ఇంకో బండి చూసిన. ఆదివారం ఖాళీగుంటే ఒకపాలి వచ్చి చూస్తవా?"

"నాకు బళ్ళ గురించి ఏమీ తెలీదు తమ్ముడూ" అన్నాను.

"ఎరుకేనన్నా. గా మూత తీసి చూసుడైతే తెలుసు గదా?"

వెళ్ళాను. తెల్లటి బండి, తళతళ తుడిచి ఉంది. యజమాని నా వయసువాడే, మర్యాదస్థుడు, మంచినీళ్ళిచ్చాడు. బిల్లులన్నీ ఫైల్లో పెట్టి ఉన్నాయి. స్నేహితుడు టైర్లు తన్నాడు. నేను ఆయిల్ మూత తిప్పి చూశాను. శుభ్రంగా ఉంది. అయినా అడిగాను. "సార్, ఇంజన్ పని ఏమైనా చేయించారా?"

ఆయన "ఈమధ్యే క్లచ్చు, బ్రేకులు, బ్యాటరీ అన్నీ కొత్తవి వేయించానండీ" అన్నాడు, ఫైలు వైపు చూస్తూ.

బయటికొచ్చి ముగ్గురం చాయ్ తాగాం. "ఏమంటవన్నా?" అన్నాడు.

"ఇంకోటి చూద్దాం" అన్నాను.